ఎర్రలైటు మీద బొట్టుబిళ్ళ

మొన్న మధ్యాహ్నం వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ ఫోన్ తెరిస్తే, పడవ నడిపే మునెయ్య పెట్టిన స్టేటస్‌లో మా పాత ఇంజన్ మెకానిక్ ఫోటో కనిపించింది. చుట్టూ పూలదండ బొమ్మ, ఒక మూల ఊగుతున్న దీపం, కింద ‘ఇంజన్ డాక్టర్ గారికి కన్నీటి వీడ్కోలు’ అని లావు అక్షరాలు. ఫోటోలో కూడా ఆయన చేతిలో ఆ పొడుగాటి స్క్రూడ్రైవరే ఉంది. నాకు నవ్వొచ్చింది. చావు కబురు చూసి నవ్వడం తప్పేనని తెలుసు. అయినా ఆ ‘డాక్టర్’ అన్న మాట దగ్గర నవ్వు ఆపుకోవడం నా వల్ల కాలేదు.

పోయినవాళ్ళను వాడూ వీడూ అనకూడదని మా నాయన అంటాడు కాబట్టి ఆయన అనే రాస్తాను. అంతకు మించిన మర్యాద నా దగ్గర లేదు.

నేను ఏఎన్ఎంని. ఇప్పుడు సొంత ఊరు ఐరాలకు వచ్చేశాను గానీ, అంతకు ముందు ఆరేళ్ళు పులికాట్ సరస్సు ఒడ్డున పనిచేశాను. సరస్సులో ఒక దీవి, దాని మీద ఒక పల్లె, ఆ పల్లెకు నేను. వారంలో నాలుగు రోజులు టీకాల పెట్టె భుజాన వేసుకుని పడవెక్కేదాన్ని. జాలర్ల సంఘానికి ఒక ఫైబరు పడవ ఉండేది. పైన రేకు కప్పు, వెనక డీజిల్ ఇంజన్. దీవిలో ఎవర్ని పాము కరిచినా, ఎవరికి నొప్పులొచ్చినా ఒడ్డుకు తొందరగా చేర్చగలిగింది అదొక్కటే. మిగతావి వలల పడవలు, నీళ్ళలో గడకర్ర వేసి తోసుకుంటూ పోవాల్సినవి. ఇంజన్ పడవ నడిపేది మునెయ్య. ఆ ఇంజన్ బాగోగులు చూసేది ఈయన.

నీళ్ళ ఒడ్డున పుట్టినవాడు కాదు. పలమనేరు దగ్గర లారీలు బాగు చేసేవాడట. అక్కడి నుంచి ఇక్కడికి ఎందుకొచ్చాడో ఎవరూ అడగలేదు, ఆయన చెప్పలేదు. అక్కడివాళ్ళే సాగనంపి ఉంటారని నా అనుమానం. మాటకు ముందు మాత్రం ఘాట్ రోడ్డు వచ్చేది.

“మొగిలి గాట్లో లోడు లారీని బ్రేకు ల్యాకుండా కిందికి దించినోణ్ణి నేను. ఈ పడవకు అసలు బ్రేకే లేదు గదా, ఇంగ భయమెందుకు?” అనేవాడు. విన్నవాళ్ళు తలలూపేవాళ్ళు. ఆ మాటలో తలాతోకా ఎక్కడుందో నాకిప్పటికీ అర్థం కాలేదు.

ఇంజన్‌ను చూసే తీరు ఒకటుండేది. ముందు చేతులు కడుక్కునేవాడు. జేబులోంచి మడత నలగని చేతిరుమాలు తీసి తుడుచుకునేవాడు. స్క్రూడ్రైవరు మొన ఇంజన్‌కు ఆనించి, పిడి చెవిలో పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. ఎడమచేతి చూపుడు వేలు పైకి లేచేది. ఆ వేలు లేచిందంటే పడవలో ఉన్నవాళ్ళెవరూ మాట్లాడకూడదు. చంటిపిల్ల ఏడ్చినా కళ్ళు తెరవకుండానే ముఖం చిట్లించేవాడు. కాసేపటికి వేలు దిగేది. అందరం ఆయన నోటివైపు చూసేవాళ్ళం.

“ఎర్తు,” అనేవాడు. అంటే కరెంటు ఎక్కడో దారి తప్పి ఇనుములోకి పోతోందని.

ఆరేళ్ళలో ఆయన నోట ఇంకో రోగం పేరు నేను వినలేదు. ఇంజన్ వేడెక్కినా ఎర్తు, హారన్ మోగకపోయినా ఎర్తు. ఒకసారి నీళ్ళు లాగే గొట్టానికి నాచు అడ్డంపడి ఇంజన్ పొగలు కక్కింది. ఈయన తడి గోనెసంచి ఒకటి దాని మీద కప్పి, ఎండాకాలం మనుషులకే కాదు ఇనుముకూ వడదెబ్బ తగులుతుందని ఒక ఉపన్యాసం ఇచ్చాడు. ఆయన వెనక్కి తిరిగి ఉపన్యాసం ఇస్తుండగానే మునెయ్య నీళ్ళలోకి దిగి, గుప్పెడు నాచు లాగి పారేసి, ఏమీ ఎరగనట్టు మళ్ళీ ఎక్కి కూర్చున్నాడు. ఇంజన్ చల్లబడింది. ఊరంతా గోనెసంచి గురించి చెప్పుకుంది.

బ్యాటరీలో శక్తి ఎంతుందో చూడ్డానికి మీటరు వాడడం ఆయన దృష్టిలో చేతకానివాళ్ళ పని. రెండు కొనల మీద స్పానర్ అడ్డంగా గీసేవాడు. చటుక్కున నిప్పులు లేచేవి. ఆ నిప్పుల రంగు చూసి “పన్నెండున్నర” అనేవాడు. డీజిల్ డబ్బా పక్కనే ఉండేది. నేను టీకాల పెట్టె పట్టుకుని పడవ ఆ చివరికి జరిగేదాన్ని. ఆయన నన్ను చూసి నవ్వి, “సూది పొడిసే సెయ్యికి ఈ మాత్రం నిప్పుకే భయమా అమ్మణ్ణీ?” అనేవాడు.

డ్రైవరు ముందు చిన్న పలకలో మూడు లైట్లుండేవి. నూనె తగ్గితే ఒకటి, ఇంజన్ వేడెక్కితే ఒకటి, బ్యాటరీకి చార్జింగ్ ఎక్కకపోతే ఒకటి. ఈ మూడోది మమ్మల్ని పీడించింది. నాలుగు రోజులు ఆరి ఉండేది, మళ్ళీ వెలిగేది. వెలిగినప్పుడల్లా ఆయన వచ్చి, స్క్రూడ్రైవరు చెవిలో పెట్టి, వేలెత్తి, ఎర్తు అని, బ్యాటరీ కొనకు తీగను బిగించే క్లాంపు మీద స్పానర్‌తో రెండు దెబ్బలు కొట్టేవాడు. లైటు ఆరిపోయేది. ఇదే మా కొంప ముంచింది. రెండు దెబ్బలకు లైటు ఆరిపోతుంటే ఎదురుగా నిలబడి నువ్వు దద్దమ్మవని ఎవరనగలరు? నాలుగు రోజులకు మళ్ళీ వెలిగినా ఆ సంగతి ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు. డైనమో మార్పించాడు, బెల్టు మార్పించాడు. బ్యాటరీని నాయుడుపేటకు మోయించుకుపోయి చూపిస్తే, అంగడివాళ్ళు కొనలు తోమి చార్జింగ్ పెట్టి, ఇది బ్రహ్మాండంగా ఉందని తిప్పి పంపారు. వాళ్ళకు పని రాదని తేల్చేశాడు.

ఒకరోజు మునెయ్య విసుక్కున్నాడు. “అన్నా, ఆ లైటు కండ్ల ముందర ఎలగతా ఉంటే నాకు నడపబుద్ది కాల్యా.”

“లైటు సెప్పేది సలహానే అబ్బా, ఆర్డరు గాదు,” అన్నాడాయన. తర్వాత నా వైపు తిరిగి, “అమ్మణ్ణీ, నీకాడ బొట్టుబిళ్ళ ఉంటే ఒగటియ్యి,” అన్నాడు.

ఎందుకో అర్థం కాలేదు. పర్సులో స్టిక్కర్ల అట్ట ఉంటే ఒక మెరూన్ రంగు బిళ్ళ తీసిచ్చాను. ఆయన దాన్ని ఆ మూడో లైటు మీద సరిగ్గా నడిమధ్యన అంటించి, తల వెనక్కి వాల్చి చూసుకుని, “ఇప్పుడు ముత్తయిదువ మాదిరి ఉండాది,” అన్నాడు. పడవంతా ఘొల్లుమంది. మునెయ్య నవ్వాడు. నేనూ నవ్వాను. అందరికంటే ఎక్కువ నవ్వానేమో కూడా. ఆ బిళ్ళ రంగు వెలిసినప్పుడల్లా కొత్తది అడిగేవాడు, నేను ఇచ్చేదాన్ని.

అసలు సంగతి నాకు ఒక శుక్రవారం తెలిసింది. ఆరోజు దీవికి పెందలాడే పోవాల్సి ఉండి రేవుకు ముందుగా వచ్చాను. ఆయన ఇంజన్‌కు పూజ చేస్తున్నాడు. ప్రతి శుక్రవారం చేస్తాడని తెలుసు, ఎప్పుడూ చూడలేదు. పూజ మీద నాకు పేచీ లేదు, శుక్రవారం దీపం పెట్టకుండా నేనూ కాఫీ తాగను. కానీ ఆయన చేసేది చూసి నోరెళ్ళబెట్టాను. బ్యాటరీ క్లాంపులు విప్పాడు. సరస్సులోని ఉప్పునీళ్ళు చెంబుతో ముంచి బ్యాటరీకి స్నానం చేయించాడు. తడిపిన పసుపు ముద్ద తీసుకుని, గడపకు పూసినట్టు, ఆ రెండు సీసపు కొనలకూ చుట్టూ మందంగా పూశాడు. కుంకుమ పెట్టాడు. ఆ పసుపు మీదనే క్లాంపులు తిరిగి బిగించాడు.

మా నాయనకు ట్రాక్టరుంది. వేన్నీళ్ళలో సోడా కలిపి బ్యాటరీ కొనలు తళతళా మెరిసేదాకా తోమడం, బిగించాక పైన గ్రీజు రాయడం చిన్నప్పటి నుంచీ చూశాను. కొనకూ క్లాంపుకూ మధ్య కాగితం మందం మురికి ఉన్నా కరెంటు పోదని నాయన చెప్పేవాడు. ఇక్కడ అట్లకాడతో గీకేంత పసుపు. ప్రతి శుక్రవారం ఈయనే జబ్బు తెప్పించి, వారంలో వచ్చి రెండు దెబ్బలు కొట్టి, పసుపు కొంచెం పగిలి లైటు ఆరిపోతే మందు వేశానని మురిసిపోతున్నాడు. డైనమోకూ బెల్టుకూ ఏ పాపమూ తెలియదు.

చెప్పకుండా ఉండలేదు. చెప్పాను. జనం పడవెక్కుతుండగా చెప్పడం మాత్రం నా తెలివితక్కువే.

“అన్నా, ఆ పసుపు మింద క్లాంపు బిగిస్తే కరెంటు ఎట్లా పోతాదన్నా? మా నాయన ట్రాక్టరుకు బాగా తోమి గ్రీజు పూస్తాడు. పూజ కావాలంటే పైన డబ్బాకు పెట్టు, కొనలకెందుకు?”

ఆయనకు కోపం నెత్తికెక్కింది. “మీ నాయన ట్రాక్టరు మట్టిలో పోతాది. ఇది గంగమ్మ మింద పోయేది. పసుపు తీసేస్తే ఆ తల్లి ఊరుకుంటాదా?” అని, ఎక్కుతున్నవాళ్ళ వైపు తిరిగి, “సూదులేసేటోళ్ళు గూడా బ్యాటరీకి వైద్యం సెప్పే కాలమొచ్చింది,” అన్నాడు.

మళ్ళీ పడవంతా ఘొల్లుమంది. ఈసారి నన్ను చూసి.

నాకు ఒళ్ళు మండిపోయింది. సంఘం పెద్ద ఇల్లు రేవుకు నాలుగడుగుల దూరం. పోయి చెప్పొచ్చు. మునెయ్యను పక్కకు పిలిచి చెప్పొచ్చు. చెప్పలేదు. ఈ మనిషికి గానీ, ఈయన్ని నెత్తిన పెట్టుకున్న ఈ జనానికి గానీ ఇంకొక్క ముక్క చెప్పకూడదని నిర్ణయించుకున్నాను. ఆ తర్వాత రెండు నెలలు ప్రతి శనివారం పడవెక్కగానే ఆ బిళ్ళ అంచుల వెంట ఎర్రగా వెలుగు కనబడుతోందా అని చూసేదాన్ని. కనబడేది. ఆయన స్క్రూడ్రైవరు చెవిలో పెట్టుకుని వేలెత్తితే నీళ్ళ వైపు తిరిగి నవ్వుకునేదాన్ని. నిజం చెప్పాలంటే ఆ రెండు నెలలూ నాకు ఆ పడవ ప్రయాణం సరదాగా ఉండేది.

ఎస్తేరుకు నొప్పులు మొదలైంది కూడా శనివారమే. తొలి కాన్పు. ఉదయం తొమ్మిదింటికి నేను దీవి మీదే ఉన్నాను. చూస్తే బిడ్డ ఎదురుకాళ్ళతో ఉంది. ఇక్కడ వద్దు, ఆస్పత్రికి పోవాలని చెప్పి, ఒడ్డుకు అంబులెన్సును పిలిపించి, ఆమెనూ ఆమె మొగుణ్ణీ పడవెక్కించాను. కడుపు మీద గొట్టం ఆనించి విన్నాను. బిడ్డ గుండె చక్కగా కొట్టుకుంటోంది. “ముప్పావుగంటలో ఒడ్డున ఉంటాం, భయపడొద్దు,” అన్నాను.

సగం దూరంలో తెగిన వల ఒకటి ప్రొపెల్లర్‌కు చుట్టుకుంది. ఇంజన్ ఆపకుండా దాన్ని తీయడం ఎవరివల్లా కాదు. మునెయ్య ఆపాడు, నీళ్ళలోకి దూకాడు, కత్తితో కోసి పారేసి ఎక్కాడు. తాళం తిప్పాడు. టక్ అంది. మళ్ళీ తిప్పాడు. టక్. స్పానర్ తీసి రెండు దెబ్బలు కొట్టాడు. టక్.

ఆయనకు ఫోన్ చేశాడు. గొంతు మా అందరికీ వినబడింది.

“రెండు దెబ్బలెయ్యి మునెయ్యా.”

“ఏసినానన్నా. టక్కంటాది, సెల్ఫ్ తిరగల్యా. లోపల కాన్పు మనిషి ఉండాది.”

“అయితే ఎర్తు. నేనొచ్చేదాకా ఎవురూ దాన్ని ముట్టుకోవద్దండి.”

ఆయన రావడానికి ఇంకో ఇంజన్ పడవ ఏది? ఉన్న ఒక్కటీ మా కింద కదలకుండా నిలబడి ఉంది.

నేను లేచి మునెయ్య చేతిలోంచి స్పానర్ లాక్కున్నాను. క్లాంపులు విప్పి, కాన్పుల సంచిలోని కత్తెరతో ఆ కొనలను బరబరా గీకాను. చేతులు పసుపయ్యాయి. తిరిగి బిగించాను. తాళం తిప్పితే ఇంజన్ ఒక్క మూలుగు మూలిగి ఆగిపోయింది. ఎన్ని రోజులుగా చార్జింగ్ ఎక్కలేదో ఏమో, తోమినంత మాత్రాన దానికి ప్రాణం రాలేదు. పడవంతా కలిసి పగలబడి నవ్విన ఆ బిళ్ళ కింద లైటు వారం పొడుగునా వెలుగుతూనే ఉండి ఉంటుంది.

“ఇది మీకెట్లా తెలుసు మేడం?” అన్నాడు మునెయ్య.

“గడ తియ్యి,” అన్నాను.

మునెయ్యా ఎస్తేరు మొగుడూ చెరో పక్కన నిలబడి గడలు వేశారు. ఎదురుగాలి. బరువు పడవ. రెండున్నర గంటలు పట్టింది. నేను చేతులు కడుక్కుని వచ్చి ఎస్తేరు పక్కన కూర్చున్నాను. మధ్యమధ్యలో గొట్టం ఆనించి వింటూ ఉన్నాను. మొదట బాగానే ఉంది. తర్వాత నెమ్మదించింది. ఆ తర్వాత ఎంత వెతికినా దొరకలేదు. ఎస్తేరు నా ముఖం చూస్తూ, “ఇనపడతా ఉందా మేడం?” అని అడిగింది. అలల చప్పుడుకు సరిగా వినిపించడం లేదని చెప్పాను.

ఆస్పత్రిలో తల్లిని దక్కించారు. మగబిడ్డ.

పదకొండో రోజు సంఘం షెడ్డులో పంచాయితీ పెట్టారు. మునెయ్య సరస్సు మధ్యలో ఇంజన్ ఎందుకు ఆపాడని అడుగుతున్నారు. ఆపకుండా ఉంటే పడవ ఒడ్డు చేరేది కదా అంటున్నారు. తప్పు తేలితే పడవ ఇంకొకరికి ఇస్తారు. మునెయ్య తలొంచుకుని నిలబడ్డాడు. ఈయన ముందు వరుసలో, మడత నలగని చొక్కాలో కూర్చుని ఉన్నాడు. మాట్లాడమంటే లేచి, అలవాటు చొప్పున వేలెత్తాడు.

“మునెయ్య తప్పు గాదు. నా తప్పూ గాదు. నీళ్ళ మింద ఎర్తు పోతాది. బ్రహ్మదేవుడొచ్చినా సెప్పలేడు ఎప్పుడు పోతాదో.”

సంఘం పెద్ద నా వైపు తిరిగాడు. “మేడం, మీరు సదువుకున్నోళ్ళు, పడవలో ఉన్నోళ్ళు. మీరేమంటారు?”

పసుపు అని ఒక్క మాట అంటే చాలు. కానీ ఎప్పుడు తెలుసు అని రెండో ప్రశ్న వస్తుంది. మునెయ్య తలెత్తి నా చేతుల వైపు చూశాడు. వెనక గోడ దగ్గర ఎస్తేరు చాప మీద కూర్చుని ఉంది.

“ఎర్తే అయ్యుంటాదండి,” అన్నాను.

ఆయన ముఖం వెలిగిపోయింది. రెండు చేతులూ జోడించి నిండు సభలో నాకు దండం పెట్టాడు. “సూసినారా, నర్సమ్మ గూడా సెప్పింది,” అన్నాడు. ఆయన నన్ను అమ్మణ్ణీ అనకుండా పిలిచింది అదే మొదలు. బిడ్డ పోయిన పదకొండో రోజున కూడా ఆ మనిషికి తన మాట నెగ్గిందన్న సంతోషమే.

ఆ తర్వాతి శుక్రవారం మళ్ళీ పసుపు పూశాడు. ఆ శనివారం నుంచి బదిలీ అయ్యేదాకా నేను పావుగంట ముందే రేవుకు పోయి, క్లాంపులు విప్పి తుడిచి బిగించేదాన్ని. మునెయ్య అటు తిరిగి కూర్చునేవాడు. లైటు ఇక వెలగలేదు. అది కూడా ఆయన గొప్పే అయ్యింది.

ఆరోజు పంచాయితీ ముగిసి అందరూ లేచాక, ఎస్తేరు నెమ్మదిగా నా దగ్గరికి వచ్చింది. మనిషి పీక్కుపోయి ఉంది. నా రెండు చేతులూ పట్టుకుంది.

“మీరు ల్యాకపోతే నేను గూడా పోయుండేదాన్ని మేడం,” అంది. “మిమ్మల్ని నా తల్లి అనుకుంటాండా.”

నేను చేతులు విడిపించుకుని, ఆమెను బెంచీ మీద కూర్చోబెట్టి, సంచిలోంచి బీపీ మిషన్ తీశాను. చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టాను. ముల్లు దిగుతుంటే అంకెలు చూశాను.

“బాగుందమ్మా,” అన్నాను.